మెలకువగా నుండు తోడు

చదువవలసిన భాగములు: మత్తయి సువార్త 26:36–46, మార్కు సువార్త 2:1–12, నిర్గమకాండము 17:8–13.



మన ఉప్పాడలో జాంధానీ మగ్గమును చూచినవారికి ఒక సంగతి తెలియును. ఆ మగ్గము మీద ఒక్కరే కూర్చుండి నేయుట అరుదు. ఇద్దరు ప్రక్కప్రక్కన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుండి, బుటాకు కావలసిన దారమును వ్రేళ్లతో ఎక్కించుచు నేయుదురు. చాల యిండ్లలో ఆ యిద్దరు భార్యాభర్తలే. ఒకరు లేచిపోయినయెడల రెండవవారి పనియు నిలిచిపోవును. సముద్రము మీద బ్రతుకు కుటుంబములలోను ఇంతే. భర్త వేటకు పోవును, భార్య చేపల గంప నెత్తిన పెట్టుకొని అమ్మబోవును. ఒకరి నడుము పడిపోయిన దినమున ఇల్లంతయు పడిపోవును.

అట్టి యింటిలో ఒకరి వెన్నులో గడ్డ యున్నదని, ఆపరేషను చేయవలెనని డాక్టరుగారు చెప్పినప్పుడు రెండవవారు ఏమి చేయవలెను? రోగులను గూర్చి మనము అనేక ప్రసంగములు వినియున్నాము. రోగి మంచము ప్రక్కన కూర్చుండు భార్యను గూర్చి గాని భర్తను గూర్చి గాని వినినది తక్కువ. ఈ నెల పాఠము వారి కొరకు.

1. ఈ వ్యాధి ఎట్టిది?

మెడనుండి నడుము వరకు వెన్నుపూసల నడుమ నున్న సందులో వెన్నుపాము అను నరముల త్రాడు దిగుచున్నది. కాళ్లు చేతులు కదలుటకును, స్పర్శ తెలియుటకును, మలమూత్రములు మన స్వాధీనములో నుండుటకును అదియే ఆధారము. ఆ సందు ఇరుకైనది. అందులో చిన్న గడ్డ పెరిగినను త్రాడు నొక్కబడును. కొన్ని గడ్డలు త్రాడునకు వెలుపల పుట్టును. వీటిలో అనేకము క్యాన్సరు కానివి. కొన్ని త్రాడు లోపలనే పుట్టును. వాటిని తీయుట మరింత కష్టము. మరి కొన్ని శరీరములో వేరొక చోటనున్న క్యాన్సరు వెన్నుపూసలకు ప్రాకుటవలన కలుగును. కావున గడ్డ యనగానే మరణమని తలంచకూడదు. ఏమియు కాదని తేలికగా తీసికొననుకూడదు.

మన ఊరిలో నడుము నొప్పి లేనివారెవరు? గుంటమగ్గము మీద వంగి కూర్చుండువారికి, వలలు లాగువారికి అది నిత్యము నుండునదే. అందులో ఎక్కువ భాగము గడ్డవలన కలుగునది కాదు. అయితే కొన్ని గుర్తులు తెలిసికొనవలెను. పండుకొన్నను తగ్గక రాత్రివేళ ఎక్కువగు నొప్పి, కాళ్లు తిమ్మిరెక్కుట, బలహీనపడుట, చెప్పు కాలినుండి జారిపోయినను తెలియకుండుట, నడకలో తూలుట, మూత్రము ఆగిపోవుట లేక తెలియకుండ పోవుట. ఇట్టివి కనబడినయెడల కట్టు కట్టించుకొనుచు, తైలము రుద్దుచు నెలలు గడుపరాదు. కాళ్లు త్వరగా బలము తప్పుచున్నను, మూత్రము నిలిచినను, ఆ దినముననే కాకినాడ పెద్దాసుపత్రికి పోవలెను. ఎందుకనగా, ఆపరేషను తరువాత ఎంత బలము మిగులునో అనునది చాలవరకు ఆపరేషనుకు ముందు ఎంత బలమున్నదో దానిమీద ఆధారపడియుండును. ఇచ్చట ఆలస్యము వలన కలుగు నష్టము తరువాత తీరునది కాదు.

ఒకప్పుడు ఈ వ్యాధికి చికిత్స లేదు. 1887వ సంవత్సరమున లండనులో విక్టర్ హార్స్‌లీ అను వైద్యుడు మొదటిసారిగా ఒక సైనికాధికారి వెన్నులోని గడ్డను విజయవంతముగా తీసివేసెను. ఎక్స్‌రే కనుగొనబడుటకు ఎనిమిదేండ్ల ముందే, గవర్స్ అను మరియొక వైద్యుడు రోగి లక్షణములను చూచి గడ్డ ఎచ్చట నున్నదో ఊహించి చెప్పెను. కాళ్లు పడిపోయిన ఆ రోగి మరల నడిచెను. మన దేశములో 1949లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు జేకబ్ చాండీగారు మెదడు, నరముల శస్త్రచికిత్స విభాగమును ఆరంభించిరి. తరువాత విశాఖపట్టణము కింగ్ జార్జి ఆసుపత్రిలోను అట్టి విభాగము ఏర్పడెను. నేడు ఎమ్.ఆర్.ఐ. పరీక్షతో గడ్డ ఉన్న చోటును చూచి, సూక్ష్మదర్శిని సహాయముతో దానిని తీయుచున్నారు. మన తాతల కాలములో పక్షవాతమని, గాలి సోకెనని విడిచిపెట్టిన వారిలో కొందరికి నేడు చికిత్స కలదు. ఇది తలంచి దేవుని స్తుతింపవలెను.

మరియొక సంగతి. లూకా సువార్త 13వ అధ్యాయములో పదునెనిమిది సంవత్సరములు నడుము వంగిపోయిన స్త్రీని ప్రభువు చూచెను. ఆమె ఏ పాపము చేసెనని ఆయన అడుగలేదు. అబ్రాహాము కుమార్తె యని ఆమెను గౌరవించెను. మన వీధిలో మాత్రము గడ్డ యనగానే, ఎవరి దృష్టి తగిలెనో, ఎవరేమి పెట్టిరో, ఏ మ్రొక్కు తప్పెనో అని మాటలు బయలుదేరును. ఆ మాటలు రోగి చెవిని పడకుండ వాకిలి మూయుట తోడుగా నున్నవారి మొదటి పని.

2. ప్రభువు తన స్నేహితులను అడిగినది

గెత్సేమనే తోటలో యేసు ప్రభువు మిక్కిలి దుఃఖములో నుండెను. పేతురును జెబెదయి యిద్దరు కుమారులను వెంటబెట్టుకొని పోయెను. వారిని ఏమి అడిగెను? ఆ పాత్రను తీసివేయుమని వారిని అడుగలేదు. అది వారి చేతిలో లేదు. ధైర్యము చెప్పుమని అడుగలేదు. తనతో పాటు మేలుకొని యుండుమని మాత్రమే అడిగెను. వారు ఆ యొక్క పనియే చేయలేకపోయిరి.

ఈ పాఠములో మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదే. ఆపరేషనుకు పోవు భార్యకు భర్త, భర్తకు భార్య ఇయ్యగలిగినది స్వస్థత కాదు. అది దేవుని చేతిలోను, ఆయన తెలివినిచ్చిన వైద్యుల చేతిలోను ఉన్నది. వారు ఇయ్యగలిగినది మెలకువ. అనగా ఎదుటివారి భయమునుండి ముఖము త్రిప్పుకొనక, ఆ భయము ప్రక్కన కూర్చుండుట.

కన్నులు తెరచియుండియు నిద్రపోవు మార్గములు కొన్ని కలవు. మొదటిది, ఏమీ కాదులే అని మాట త్రుంచివేయుట. ఆ మాట రోగికి ధైర్యము నియ్యదు. ఇక ఈ సంగతి మాటలాడవద్దని చెప్పినట్లగును. రెండవది, పరుగులు. డబ్బుకని, కాగితములకని, మందులకని దినమంతయు తిరుగుట. అవి చేయవలసినవే. కాని రోగి ఎదుట కూర్చుండుటకు భయపడి తిరుగువారు కలరు. యోబు స్నేహితులు ఏడు దినములు నోరు తెరువక నేలమీద అతనితో కూర్చుండిరి. వారు చేసిన మేలు అదియే. నోరు తెరచిన తరువాతనే కీడు ఆరంభమాయెను.

మూడవది, సత్యమును దాచుట. మన ఊళ్లలో డాక్టరుగారు రోగిని బయటకు పంపి బంధువులతో మాటలాడుట అలవాటు. బంధువులు వరండాలో ఏడ్చి, కన్నులు తుడుచుకొని, నవ్వుచు లోనికి వత్తురు. రోగికి తెలియదా? మన ముఖములే చెప్పును. అప్పుడు భార్యాభర్తలిద్దరు ఒకే సంగతిని వేరువేరుగా మోయుచు, ఒకరినుండి ఒకరు దాచుకొందురు.

మా సంఘములో ఒక నేతగాని భార్యకు ఇట్టి ఆపరేషను జరిగెను. వెన్నుపూస అరిగినదని మాత్రమే అతడు ఆమెకు చెప్పియుండెను. ఆసుపత్రిలో చేరిన రెండవ రాత్రి ఆమె, “ఏవండీ, నిజం చెప్పండి. నేను మళ్లీ నడుస్తానా?” అని అడిగెను. అతడు చాలసేపు ఊరకుండి, “నాకు తెలీదే. రేపు డాక్టరుగారు వచ్చినప్పుడు నువ్వే అడుగు. నేను పక్కనే ఉంటాను” అనెను. మరునాడు ఆమె అడిగెను. గడ్డ త్రాడునకు వెలుపల నున్నదనియు, నడక వచ్చు అవకాశము కలదనియు, అయితే మాట ఇయ్యలేననియు డాక్టరుగారు చెప్పిరి. సమ్మతి పత్రము మీద ఆమె తానే సంతకము పెట్టెను. భయము పోలేదు గాని, ఆ రాత్రి ఒంటరిగా భయపడలేదని ఆమె తరువాత మాతో చెప్పెను. ఆ భర్త చదువుకొన్నవాడు కాడు. తెలియనిదానిని తెలియదనెను, ప్రక్కన ఉందుననెను, ఉండెను.

శరీరము ఎవరిదో, దానిమీద కత్తి పడుటకు ఒప్పుకొను మాటయు వారిదే. తోడుగా నున్నవారు ఆ మాటను తీసికొనరాదు, వినబడుటకు సహాయపడవలెను. రోగి అనుమతితో ఒక నోటు పుస్తకములో ఈ ప్రశ్నలు వ్రాసికొని డాక్టరుగారిని అడుగుట మంచిది. గడ్డ త్రాడునకు వెలుపలనా, లోపలనా? పూర్తిగా తీయగలరా? ఆపరేషను చేయకపోయినయెడల ఏమగును? చేయుటలో నున్న అపాయము ఏమి? ఎంతకాలము ఆసుపత్రిలో, ఎంతకాలము ఇంటిలో పరుండవలెను? తరువాత రేడియేషను వంటి చికిత్స అవసరమగునా? ఉత్తరములను అక్కడనే వ్రాసికొనవలెను. భయములో విన్న మాట మెట్లు దిగునప్పటికి మరచిపోవుదుము.

3. ఆసుపత్రి దినములలో

డబ్బు విషయము. ఆపరేషను అనగానే మెడలోని బంగారము, మగ్గము, పడవ వాటా అమ్మబోవుదురు. నూటికి అయిదు వడ్డీకి అప్పు తెత్తురు. త్వరపడకుడి. 2007లో మన రాష్ట్రములో ఆరోగ్యశ్రీ పేరుతో ఆరంభమై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అని పిలువబడు పథకము కలదు. ఈ ఆపరేషను ఏ ఆసుపత్రిలో ఆ పథకము క్రింద జరుగునో, ఏ కాగితములు కావలెనో, చేరకముందే అడిగి తెలిసికొనవలెను. సామర్లకోటలో రైలెక్కి కాట్పాడిలో దిగి వెల్లూరు పోవువారు అక్కడి ఖర్చును, బసను గూర్చి ముందే విచారింపవలెను. వాడుచున్న మందులన్నియు, నాటుమందులతో సహా, డాక్టరుగారికి చెప్పవలెను. రక్తమును పలుచన చేయు మాత్రలు కొన్ని ఆపరేషనుకు ముందు ఆపవలసి యుండును. వాటిని మనంతట మనము ఆపరాదు. రక్తము ఇయ్యగలవారిని ముందే సిద్ధపరచవలెను.

ఆపరేషను గంటలు. తలుపు మూసిన తరువాత గంటలు చాల నెమ్మదిగా నడచును. మూడు గంటలని చెప్పినది ఆరు గంటలైనను కీడు జరిగెనని తలంచరాదు; నరముల మీద పని నిదానముగానే జరుగును. ఆ సమయమున తోడుగా నున్నవారు ఒంటరిగా నుండరాదు. అయితే పదిమంది గుంపుగా చేరి గట్టిగా ప్రార్థించుటకు ఆసుపత్రి వరండా చోటు కాదు. ఒక్కరు చాలును. టీ తెచ్చియిచ్చి ప్రక్కన కూర్చుండువారు కావలెను.

తరువాతి దినములు. కాళ్లలో బలము వెంటనే రాకపోవచ్చును. ముందుకంటె కొంత తగ్గియు ఉండవచ్చును. వారములు, నెలలు గడచినకొలది తిరిగి వచ్చుట కలదు. గడ్డ ముక్కను పరీక్షకు పంపుదురు. ఆ ఫలితము వచ్చువరకు కాచుకొనుట ఆపరేషనుకంటె కష్టమని చెప్పినవారు కలరు. ఈ దినములలో నర్సమ్మగారి యొద్ద నేర్చుకొనవలసినవి కొన్ని. రోగిని ప్రక్కకు త్రిప్పునప్పుడు తల, భుజములు, నడుము, కాళ్లు ఒకేసారి దుంగను దొర్లించినట్లు త్రిప్పవలెను, నడుము మెలిపడకూడదు. కదలలేని రోగిని సుమారు రెండు గంటలకొకసారి ప్రక్క మార్చవలెను. మడమలు, తుంటి, నడుము క్రింది యెముక దినదినము చూడవలెను; ఎఱ్ఱబారినచోట పడకపుండు పుట్టును. స్పర్శ లేని చర్మము మీద వేడినీళ్ల సంచి పెట్టరాదు. కాలినను రోగికి తెలియదు. కుట్టునుండి నీరు కారినను, జ్వరము వచ్చినను, కాళ్లలో బలము ఒక్కసారిగా తగ్గినను, పిక్క వాచినను, ఆయాసము కలిగినను వెంటనే చెప్పవలెను.

మెలకువ యనునది మనస్సు సంగతి మాత్రమే కాదని చూచుచున్నారు గదా. రాత్రి రెండు గంటలకు లేచి ప్రక్క మార్చుట, అదియు గెత్సేమనేయే.

4. ఇంటికి వచ్చిన తరువాత

మొదటి వారము చుట్టములు పండ్లు తెత్తురు. రెండవ నెలలో ఎవరును రారు. అసలు పరీక్ష అప్పుడు ఆరంభమగును. వ్యాయామము దినమునకు ఇన్ని మారులని చెప్పియుందురు, రోగి విసుగుకొనును. నీళ్లు పోయుట, మలమూత్రములు ఎత్తుట, గొట్టము శుభ్రము చేయుట దినచర్యయగును. రోగి సిగ్గుతో కోపపడును. కోపము ఎక్కడికి పోవును? అందరికంటె దగ్గరనున్నవారి మీదికే వచ్చును. అది ద్వేషము కాదని తెలిసికొనుడి. తోడుగా నున్నవారికిని కోపము వచ్చును. అప్పుడు కొంచెముసేపు సముద్రపు ఒడ్డుకు పోయి రండి. అది పాపము కాదు.

ఇచ్చట భర్తలతో ఒక మాట చెప్పవలెను. భర్త మంచము పట్టినయెడల భార్య సేవచేయుట లోకమునకు వింత కాదు. భార్య మంచము పట్టినయెడల ఏమగుచున్నది? “నడుం పడిపోయిన దాన్ని ఎన్నాళ్లు పెట్టుకుంటావురా, పుట్టింటికి పంపెయ్యి” అను తల్లులు కలరు. మరియొక పెండ్లి మాట ఎత్తువారును కలరు. భార్య బట్టలు ఉదుకుచున్న భర్తను చూచి వీధి నవ్వును. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయములో పౌలు భార్యను భర్త స్వంత శరీరముతో పోల్చి, ఎవడును తన శరీరమును ద్వేషింపక పోషించునని చెప్పుచున్నాడు. తన కాలు విరిగినప్పుడు దానిని పుట్టింటికి పంపువాడెవడు? పెండ్లి దినమున వ్యాధియందును ఆరోగ్యమందును అని సంఘము ఎదుట ఒప్పుకొన్న మాట ఇట్టి దినము కొరకే. ఆ దినమున సాక్షులుగా నున్న మనము ఈ దినమున మౌనముగా నుండరాదు.

దాంపత్య సంబంధమైన సంగతులలో కలుగు మార్పులను గూర్చియు సిగ్గుపడక డాక్టరుగారిని అడుగుడి. మాటలాడనందున ఎన్నో జంటలు ఒకే గదిలో నుండియు దూరమగుచున్నారు.

నడక పూర్తిగా రాకపోయినయెడల బ్రతుకు ముగిసినట్లు కాదు. వెల్లూరులో డాక్టరు మేరీ వర్గీస్ గారు 1954లో మోటారు ప్రమాదమున వెన్ను దెబ్బతిని రెండు కాళ్ల చలనమును పోగొట్టుకొనిరి. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండి కుష్ఠురోగుల చేతులకు ఆపరేషనులు చేసిరి. తరువాత విదేశములలో శిక్షణ పొంది వచ్చి, వెన్ను దెబ్బతిన్నవారి పునరావాస వైద్యమునకు నాయకత్వము వహించిరి. 1966లో వెల్లూరులో అందుకొరకు ఒక కేంద్రము తెరువబడెను. 1972లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ ఇచ్చెను. అంత పని మనవారందరు చేయగలరని కాదు. కాని బుటాకు దారము ఎక్కించు వ్రేళ్లు, వల అల్లు వ్రేళ్లు, లెక్క వ్రాయు చేయి మిగిలియున్నవి గదా. రోగికి మరల ఏదో ఒక పని అప్పగించుడి. జాలిపడువారికంటె పని అప్పగించువారు రోగిని ఎక్కువ గౌరవించుచున్నారు.

5. తోడుగా నున్నవారికి ఎవరు తోడు?

అమాలేకీయులతో యుద్ధమునాడు మోషే చేతులు బరువెక్కెను. అహరోనును హూరును మొదట ఒక రాయి తెచ్చి అతనిని కూర్చుండబెట్టిరి. తరువాత చెరియొక ప్రక్క చేతులను ఆదుకొనిరి. మొదట కూర్చుండుటకు చోటు. తరువాత చేతులకు బలము. సంఘము నేర్చుకొనవలసిన వరుస ఇది.

రాయి తెచ్చుట యనగా ఏమి? పిల్లలను బడికి పంపుట, మధ్యాహ్నమునకు కూర పంపుట, మగ్గము మీద నిలిచిపోయిన చీరను పూర్తిచేయుట, వేటలో వాటా తగ్గింపకుండుట, వారమునకు ఒక రాత్రి రోగి ప్రక్కన కూర్చుండి ఆ భార్యను గాని భర్తను గాని నిద్రపోనిచ్చుట. ఏమైన కావలెనా అని అడుగకుడి, ఎవరును అడుగరు. ఏమి చేయుదుమో చెప్పి, అది చేయుడి.

కపెర్నహూములో పక్షవాయువుగలవానిని నలుగురు మోసికొని వచ్చిరి. గుంపు అడ్డమైనందున ఇంటి కప్పు విప్పి దించిరి. ప్రభువు వారి విశ్వాసమును చూచెనని మార్కు వ్రాయుచున్నాడు. మంచము మోసికొనిపోవుటయే వారి విశ్వాసము. కావున ఆపరేషను మానివేసి విశ్వాసముతో నుండుమని చెప్పువారి మాట వినకుడి. లూకా వైద్యుడే, పౌలునకు ప్రియుడే. ఆసుపత్రికి మోసికొని పోవుటయు ప్రార్థనయే. నడక రాకపోయినయెడల, విశ్వాసము చాలలేదని ఆ యింటివారిని గాయపరచకుడి. ముల్లు తొలగలేదని పౌలు విశ్వాసము చిన్నది కాలేదు.

గెత్సేమనేలో పాత్ర తొలగింపబడలేదు. శిష్యులు నిద్రించిరి గనుక ఆయన దుఃఖమును ఒంటరిగా మోసెను. మన యింటిలో, మన వీధిలో ఎవరును ఆ విధముగా ఒంటరిగా మోయకుండ చూచుట మన పని.

ఇంటిలోను కూటములలోను ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింటిలో రోగికి సత్యమును చెప్పుచున్నామా, దాచుచున్నామా? ఎందుచేత?

2. మన గ్రామములో మంచము పట్టిన భార్యను గూర్చియు, మంచము పట్టిన భర్తను గూర్చియు ఒకే విధముగా మాటలాడుకొనుచున్నామా?

3. ఈ నెలలో మన సంఘములో రోగికి తోడుగా నున్నవారు ఎవరు? వారికి ఏ రాయి తెత్తుము? ఏ దినమున?

ప్రార్థనాంశము: ఆపరేషనుకు కాచుకొనియున్నవారి కొరకును, వారి ప్రక్కన మేలుకొనియున్న భార్యల కొరకును భర్తల కొరకును, వైద్యుల చేతుల కొరకును ఈ నెలంతయు కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకము చేసికొనుడి.